విశాఖలో చదివే వైద్య విద్యార్థికి దూరం నుంచి మెంటార్‌గా ఉండడం ఎలా?

ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. అక్కడ చదివి అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో, హైదరాబాద్‌లోనో స్థిరపడిన డాక్టర్లు ఎందరో. వాళ్లు ఏ ఇద్దరు కలిసినా "మన కాలేజీ పిల్లలకు ఏదైనా చెయ్యాలి" అనే మాట వస్తుంది. నిజంగా చెయ్యాలనుకునేవాళ్లు డబ్బు కంటే ముందు వారానికి ఒక గంట ఇవ్వాలని నా అభిప్రాయం. ఆ గంటను ఎలా వాడాలో ఇక్కడ రాస్తున్నాను.

కాలేజీకి అనుబంధంగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో రోగులకు కొరత లేదు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు ఊళ్లు, అందరూ అక్కడికే వస్తారు. అనుభవమున్న ప్రొఫెసర్లూ ఉన్నారు. ఒక విద్యార్థి తన ఆలోచనను మొదటి నుంచి చివరి దాకా చెబుతుంటే వినే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. రౌండ్స్‌లో మంచం చుట్టూ అంతమంది ఉంటే వెనక వరసలో నిలబడ్డ అమ్మాయికి నోరు తెరిచే వంతు ఎప్పుడొస్తుంది? దూరాన ఉన్న మీరు తీర్చగలిగేది ఈ లోటునే. పాఠం చెప్పడానికి అక్కడ గురువులున్నారు, మీరు వినండి.

విద్యార్థిని ఎంచుకోవడం

కాలేజీ ద్వారా గానీ, పూర్వ విద్యార్థుల సంఘం ద్వారా గానీ వెళ్లండి. అక్కడి టీచర్లలో ఒక్కరికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి. అమ్మాయి అయితే ఇంట్లో వాళ్లకు కూడా మొదటి వారంలోనే మీరెవరో తెలియడం మంచిది. మొదటి కాల్‌లో అమ్మనో నాన్ననో పలకరించండి, వాళ్ల అనుమానాలన్నీ అక్కడే తీరిపోతాయి.

టాపర్లకు దారి చూపేవాళ్లు ఎలాగూ దొరుకుతారు. ఇంట్లో డాక్టరన్నవాడు లేనివాళ్లను, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లను, మొదటి ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గి బిక్కుబిక్కుమంటున్నవాళ్లను అడిగి తీసుకోండి. ఒక్కరితో మొదలుపెట్టండి. ఐదుగురిని తీసుకుని ఐదుగురికీ సగం సగం ఇవ్వడం కన్నా ఒకరి పక్కన ఇంటర్న్‌షిప్ దాకా నిలబడడం మేలు.

వాళ్లు మిమ్మల్ని సార్ అనో మేడమ్ అనో పిలుస్తారు. పిలవనివ్వండి. మన కాలేజీల్లో సీనియర్ అంటే ఒక జంకు ఉంటుంది, మొదటి నెలలోనే అది పోవాలని పట్టుబట్టకండి. మీరు పేరు పెట్టి, చనువుగా, "ఏమ్మా, తిన్నావా? నైట్ డ్యూటీ అయిందా?" అని మొదలుపెడితే చాలు.

టైము కుదుర్చుకోవడం

విశాఖలో శనివారం రాత్రి 8:30 అంటే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 11, చలికాలంలో 10. లండన్‌లో వేసవిలో సాయంత్రం 4, చలికాలంలో 3. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారుతుంది. మారినా విశాఖ టైమునే అలాగే ఉంచి మీ వైపు సర్దుకోండి, ఎందుకంటే ఆ పిల్లలకు హాస్టల్ మెస్, పోస్టింగ్, చదువు అన్నీ ఆ గంట చుట్టూనే ఉంటాయి. వాట్సాప్ ఆడియో కాల్ సరిపోతుంది. పరీక్షల నెలలో పది నిమిషాల పలకరింపు చాలు.

వారానికి ఒక్క కేసు

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. ఆ వారం వార్డులో చూసిన ఒక రోగి గురించి విద్యార్థి మీకు చెప్పాలి. మొదటి ఐదు నిమిషాలు మీరు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. తప్పు చెప్పినా ఆపకండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలైతే ముందు తెలుగులోనే చెప్పనివ్వండి, ఆలోచన తేటపడ్డాక అదే కేసును ఇంగ్లిష్‌లో మళ్లీ చెప్పించండి. వైవాలో, అంటే నోటి పరీక్షలో, తడబడే పిల్లల్లో చాలామందికి విషయం వచ్చు. గట్టిగా చెప్పే అలవాటే లేదు.

తర్వాత ఇలా అడగండి: నీకేమనిపిస్తోంది? ఎందుకలా అనిపిస్తోంది? ఇంకేమై ఉండొచ్చు? ఏది కనబడితే నీ అభిప్రాయం మార్చుకుంటావు? నాలుగో ప్రశ్నకు మొదట్లో జవాబు రాదు. వచ్చేదాకా వారం వారం అడుగుతూనే ఉండండి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పాడేరు వైపు నుంచి ఒకామెను వారం రోజుల జ్వరం, తలనొప్పితో చేర్చారు. విద్యార్థి మలేరియా అంటాడు, పరీక్షలో రాలేదు. డెంగీ అంటాడు, అదీ రాలేదు. విదేశాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మీకు వెంటనే స్కాన్లు, పెద్ద పెద్ద ప్యానెళ్లు గుర్తొస్తాయి. ఆగండి. "ఆమె ఏం పని చేస్తుంది? పొదల్లోకి, పొలంలోకి వెళ్తుందా? ఒళ్లంతా చూశావా?" అని అడగండి. ఇది స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు. అది చిన్న పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట నొప్పిలేని నల్లటి పెచ్చు కడుతుంది, సిగరెట్‌తో కాలిన మచ్చలా ఉంటుంది. అది చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో దాక్కుంటుంది కాబట్టి వెతికితేనే కనబడుతుంది. అందరికీ ఉండదు, కాబట్టి లేనంత మాత్రాన ఆ జబ్బు కాదనలేం. గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి చవకైన మందుకే లొంగుతుంది, సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. గుర్తించకపోతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోవచ్చు.

ఆ కుర్రాడు సోమవారం పొద్దున్నే వెళ్లి, మహిళా సిస్టర్‌ను పక్కన పెట్టుకుని, రోగి అనుమతితో, పీజీ చదువుతున్న డాక్టర్ సమక్షంలో మళ్లీ పరీక్షించడం నేర్చుకుంటే ఆ వారం మీ గంట సార్థకమైనట్టే. పెచ్చు దొరికిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

మొదటి ఏడాది పిల్లలకు వార్డు కేసులు పెద్దగా ఉండవు. కానీ ఇప్పటి సిలబస్‌లో కుటుంబ దత్తత కార్యక్రమం ఉంది, ఊళ్లో కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని వాళ్లు గమనిస్తూ ఉండాలి. ఆ ఇళ్ల కథే చెప్పించుకోండి. బీపీ మాత్రలు ఎందుకు మానేశారో ఒక ముసలాయనను అడిగి తెలుసుకున్న పిల్ల మందుల గురించి చెప్పే ఫార్మకాలజీకి వచ్చేసరికి సగం సిద్ధంగా ఉంటుంది.

దాటకూడని గీతలు

రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఇచ్చేది), ముఖం కనబడే ఫొటో, పేరున్న ఎక్స్‌రే ఫిల్ము ఏవీ మీ ఫోన్‌కు రాకూడదు. ఈ మాట మొదటి రోజే చెప్పండి. పొరపాటున వస్తే మీరూ తీసెయ్యండి, వాళ్ల చేతా తీయించండి. రెండో గీత, ఆ రోగికి మందు మీరు చెప్పకూడదు. బాధ్యత యూనిట్ చీఫ్‌ది. "మీ సార్ చేసింది తప్పు" అన్న మాట మీ నోట అసలు రాకూడదు. అది మీకు నచ్చని పద్ధతైతే, ఎందుకలా చేశారో వినయంగా అడిగి రమ్మనండి. ఒక్కోసారి అక్కడి కారణం విన్నాక మీరే నేర్చుకుంటారు. మంచాలు, మందుల సరఫరా, రోగి ఊరికి తిరిగి వెళ్లడానికి పట్టే ఖర్చు, ఇవన్నీ లెక్కలోకి తీసుకుని వైద్యం చేసేవాళ్ల తెలివి పుస్తకాల్లో దొరకదు.

పరీక్షలు, తర్వాతి దారి

మీ కాలపు సలహాలు ఇవ్వకండి. ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఎయిమ్స్, జిప్‌మర్ లాంటివాటికి ఐఎన్ఐ సెట్ అనే ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది. అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు రాసే యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1లో 2022 జనవరి నుంచి స్కోరు లేదు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. ఇవి ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి అధికారిక ప్రకటన తెరిచి ఇద్దరూ కలిసి చదవండి.

మీరు వెళ్లిన దారిలోనే వాళ్లనూ లాగకండి. పార్వతీపురంలో ప్రాక్టీసు పెట్టాలనుకునే అబ్బాయి కల చిన్నదేమీ కాదు. పరిశోధన మీద ఆసక్తి ఉంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ గురించి చెప్పండి. రెండు నెలల్లో చేయగలిగిన చిన్న ప్రశ్న ఎంచుకోవాలి, గైడ్ సొంత కాలేజీలోనే ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. మీ పని ప్రశ్నను చిన్నది చేయించడం, రాసినదాన్ని ఎర్ర సిరాతో దిద్దడం. పేపర్ మీద మీ పేరు అడక్కండి.

డబ్బు

మెంటార్ చేతి నుంచి నేరుగా వెళ్లకపోతేనే మంచిది. ఫీజుకో పుస్తకాలకో ఇబ్బంది ఉందని తెలిస్తే కాలేజీ స్కాలర్‌షిప్ ద్వారానో, పూర్వ విద్యార్థుల సంఘం ద్వారానో ఏర్పాటు చేయండి. అప్పు పడ్డట్టు అనిపించిన విద్యార్థి మీకు తన తప్పులు చెప్పదు.

ఫోన్ ఎత్తనప్పుడు

రెండు వారాలు వరసగా జవాబు రాకపోతే అలిగి ఊరుకోకండి. ఫస్ట్ ఎంబీబీఎస్ పాసవడానికి నాలుగు అవకాశాలే ఉంటాయి, ఒక్కటి పోయినా పిల్లలు మనుషుల నుంచి తప్పించుకు తిరుగుతారు. ఊళ్లో అందరూ "డాక్టరమ్మ" అని పిలవడం మొదలుపెట్టాక తప్పానని ఇంట్లో చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. ముందు చదువు ఊసెత్తకుండా ఒక చిన్న వాయిస్ మెసేజ్ పెట్టండి: "ఏం జరిగినా సరే, శనివారం నేను లైన్‌లో ఉంటాను."

మాట్లాడినప్పుడు నిద్ర, తిండి, ఏడుపు, ఒంటరితనం గురించి నేరుగా అడగండి. చనిపోవాలనిపిస్తోందా అని అడగడానికి భయపడకండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఫోన్ పెట్టకుండానే దగ్గరున్న మనిషిని, రూమ్‌మేట్‌నో వార్డెన్‌నో మీ సంగతి తెలిసిన కాలేజీ టీచర్‌నో, గదికి పంపించాలి. అందుకే వాళ్ల నంబర్లు మొదటి నెలలోనే విద్యార్థి అనుమతితో రాసిపెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ గంటలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అవసరమైతే తోడు తీసుకుని వెళ్లమనండి. ర్యాగింగ్ అయితే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522.

హౌస్ సర్జన్ అయ్యాక

నాలుగున్నరేళ్ల చదువు తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్. డ్యూటీలు పెరిగి శనివారం రాత్రి కుదరదు, నెలకొకసారికి మార్చండి. అప్పటికి కేసు చెప్పే తీరు మారి ఉంటుంది, మీరు అడగబోయే నాలుగో ప్రశ్నకు జవాబు వాళ్లే ముందు చెప్పేస్తారు. ఏ బ్రాంచి కావాలో తేలాక ఆ బ్రాంచిలో ఉన్న మీ స్నేహితులకు పరిచయం చేయండి. కాలేజీలో కొత్తగా చేరిన ఒక జూనియర్‌ను తన దగ్గర కూర్చోబెట్టుకుని కేసు చెప్పించుకోమని అడగండి, తొలి రెండు మూడు సార్లు మీరు కూడా లైన్‌లో ఉండండి.