పసుపు ఓలియోరెజిన్ నుంచి కర్క్యుమిన్ స్ఫటికాలు రావట్లేదా? నాకు పనిచేసిన పద్ధతి

ఇథైల్ అసిటేట్‌తో పసుపు పొడి నుంచి తీసిన ఓలియోరెజిన్ (నూనె, రంగు కలిసి ఉండే చిక్కటి సారం) చల్లారాక, అందులోని కర్క్యుమిన్ (పసుపుకి రంగునిచ్చే పదార్థం) స్ఫటికాలు కట్టకుండా జిగట ముద్దగా మిగిలిపోతోందని చాలామంది అడుగుతున్నారు, మా యూనిట్‌లోనూ అదే టెన్షన్. సాల్వెంట్ (కరిగించే ద్రవం, ఇక్కడ ఇథైల్ అసిటేట్) పెంచడం, ఫ్రీజర్‌లో పెట్టడం, గట్టిగా కలపడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు వాక్యూమ్‌లో ఇథైల్ అసిటేట్‌ని వాసన దాదాపు పోయేదాకా లాగేశాను. అసలు కీలకం ఇక్కడే, ఎందుకంటే అది కొంచెం మిగిలినా కర్క్యుమిన్‌ని కరిగించి పట్టుకునే ఉంటుంది. తర్వాత 60 డిగ్రీల దగ్గర వేడిగా ఉండగానే ఇంచుమించు అంతే బరువు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, ముద్దలు విడేదాకా కలిపాను (దీని ఆవిరి అంటుకుంటుంది, దగ్గర్లో మంట వద్దు). 45కి దిగాక స్ఫటికాలు కట్టడం మొదలవ్వడానికి పాత బ్యాచ్ కర్క్యుమిన్ పొడి చిటికెడు చల్లి, కలిపే వేగం బాగా తగ్గించి, రాత్రంతా తనంతట తాను చల్లారనిచ్చాను. పొద్దున 10 డిగ్రీలకు దించి వడగట్టి, చల్లని ఐసోప్రొపైల్‌తో కొద్దికొద్దిగా కడిగితే టర్మెరోన్లు (పసుపు నూనెలోని వాసన పదార్థాలు) ఉన్న నూనె ముదురు గోధుమ రంగులో కిందికి దిగిపోయి, పైన నారింజ పసుపు పొడి నిలిచింది.

మాది దుగ్గిరాల సరుకు. నూనె ఎక్కువున్న రకాలకి ఐసోప్రొపైల్ పాళ్లు మార్చాల్సి రావచ్చు, నేను చూడలేదు. ముందు చిన్న బీకరులో చేసి చూడండి, రియాక్టర్ తర్వాత.