తిరుపతి నుంచి హైదరాబాద్: ఫ్లైటా, కారా? లెక్క ఇలా వేసుకోండి

అలిపిరి దగ్గర టాక్సీ తిప్పుతాను. కారెక్కిన వాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, హైదరాబాద్‌కి ఫ్లైట్ గంటేగా, ఎన్నింటికి బయల్దేరితే సరిపోతుంది?"

గంటా పది నిమిషాలన్నది టికెట్ మీది మాట. రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్‌కి ఆకాశంలో గీత గీస్తే సుమారు 420 కిలోమీటర్లు. కడప, నంద్యాల, కర్నూలు మీదుగా రోడ్డున వెళ్తే 560 దాకా. ఈ రెండంకెలు చూసి తేల్చేయకండి. గడప నుంచి గడపకి ఎంతసేపో చూడాలి, అదీ ఫ్లైట్ టైం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

ఫ్లైట్ ఉదయం 10కి అనుకుందాం. బ్యాగులు తీసుకునే కౌంటర్ గంట ముందే, 9కే మూసేస్తారు. క్యూ ఉంటుంది కాబట్టి 8:15కల్లా అక్కడ దిగాలి. ఊళ్లోంచి ఎయిర్‌పోర్టు 15 కిలోమీటర్లు, ట్రాఫిక్‌తో కలిపి ముప్పావు గంట. అంటే 7:30కి రూము ఖాళీ చేసి కారులో ఉండాలి. కొండ మీద బస అయితే 6 దాటనివ్వకండి. దిగే ఘాట్ రోడ్డులో 40 నిమిషాల కంటే ముందు కిందికి రాకూడదని నియమం. డ్రైవర్‌ని ఎంత తొందరపెట్టినా లాభం లేదు, టెన్షన్ తప్ప. లడ్డూల కవరు మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోండి. సూట్‌కేసులో వేస్తే నెయ్యంతా పట్టుచీరకే.

11:10కి శంషాబాద్‌లో దిగుతారు. బ్యాగులు వచ్చేసరికి 11:40. కూకట్‌పల్లి వెళ్లాలంటే ఇంకో గంటన్నర. మొత్తం ఐదున్నర గంటల పైమాటే. కొండ నుంచైతే ఏడు.

కారులో పదీ పదకొండు గంటలు. మామండూరు, కోడూరు మధ్య అడవి పక్కన వంపులు, ఎదురుగా లారీలు, అక్కడే టైం తింటుంది. కడప దాటాక కర్నూలు దాకా బండి సాఫీగా పోతుంది, ఆ తర్వాత బెంగళూరు హైవేనే. తెల్లవారుజామున 4కి బయల్దేరితే కడపలో కారం దోసె వేడివేడిగా దొరుకుతుంది.

నా మాటేమిటంటే, ఒకరిద్దరైతే ఫ్లైట్. పిల్లలూ సామానుతో నలుగురైదుగురుంటే కారే, ఖర్చు పంచుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మాత్రం అన్ని గంటలు కారులో కూర్చోబెట్టకండి, వాళ్లకి సికింద్రాబాద్ వందే భారత్ మేలు. గుంటూరు మీదుగా చుట్టు తిరిగినా ఎనిమిదిన్నర గంటల్లో దింపేస్తుంది, మధ్యలో లేచి నాలుగడుగులు వేయొచ్చు.