దసరా గుమ్మడి: పండుగ నుంచి వెనక్కి లెక్కేసి విత్తాలి

2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. అధిక మాసం పడటంతో 2026లో అది అక్టోబరు 20న. 2027లో మళ్లీ ముందుకొచ్చి అక్టోబరు 9న పడుతుంది. బూడిద గుమ్మడి వేసే ఇంట్లో వచ్చే పంట లెక్క ఇక్కడే మొదలవ్వాలి. నిరుడు విత్తిన తేదీకే విత్తితే, పండుగ ముందుగా వచ్చిన ఏడాది బూడిద పట్టని లేత కాయలతో మార్కెట్‌కు వెళ్లాల్సి వస్తుంది.

పండుగకు 15 రోజుల ముందు కోత మొదలవ్వాలి, అంటే 2026లో అక్టోబరు 5. కో-1 రకానికి 140–150 రోజులు పడుతుంది కాబట్టి మే 8–18 మధ్య గింజ పడాలి. కో-2 సుమారు 120 రోజుల రకం, దానికి జూన్ మొదటి వారం చాలు. కో-1 కాయ 5–6 కిలోలు తూగుతుంది, గుమ్మానికి కట్టడానికీ వడియాలకూ అడుగుతారు. ఆయుధ పూజ రోజు బండి ముందు కొట్టడానికి 3 కిలోల కో-2 చాలు. పొలమంతా ఒకేసారి విత్తకండి. మూడో వంతు 20 రోజులు ఆగి వేస్తే దీపావళికీ కార్తీకంలో వడియాల బేరానికీ అందుతుంది.

వరుసల మధ్య 8 అడుగులు, పాదుల మధ్య 4 అడుగులు ఇస్తే ఎకరాకు 1,360 పాదులు. పాదుకు 4–5 కిలోల చివికిన పశువుల ఎరువు వేయాలి. పచ్చి పేడ వేస్తే వేరు మాడుతుంది, చెదలు చేరతాయి. గింజ పైపొర గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టి, పాదుకు మూడు పెట్టి, మొలిచాక బలమైన రెండు ఉంచాలి.

మే ఎండల్లో మొలిచిన తీగకు మగపూలు ఎక్కువ, పిందెలు తక్కువ. అందుకే 2–4 ఆకుల దశలో లీటరు నీటికి 3–4 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తారు. ఈ దశ దాటాక కొడితే పెద్దగా ఫలితం ఉండదు.

ఎక్కువ మంది నష్టపోయేది పిందె దశలోనే. ఆడపువ్వు కింద నూగుతో చిన్న కాయ ఉంటుంది, మగపువ్వుకు సన్నటి కాడే. పిందె పసుపెక్కి రాలుతుంటే వెంటనే మందు డబ్బా ఎత్తకండి. నాలుగైదు పిందెలు ఏరి బ్లేడుతో నిలువునా కోయండి. లోపల శుభ్రంగా ఉంటే చాలాసార్లు తేనెటీగలు రాక పుప్పొడి అందలేదని అర్థం. అప్పుడు పొద్దున్నే మగపువ్వు కోసి, రెక్కలు తీసి, ఆడపువ్వు మధ్యలో రాయాలి. పిందె మీద సూదితో గుచ్చినట్టు చుక్క, దాని దగ్గర జిగురు, లోపల తెల్లటి పురుగులు కనిపిస్తే అది పండు ఈగ.

పండు ఈగకు పూత మొదట్లోనే ఎకరాకు 10 క్యూ-ల్యూర్ (మగ ఈగలను వాసనతో లాగే మందు) ఎరలు కట్టాలి. మామిడి తోటలో మిగిలిన మిథైల్ యూజినాల్ ఎరలు ఇక్కడ పనికిరావు, ఈ ఈగ వాటికి రాదు. రాలిన పిందెలను గట్టు మీద పారేస్తే పురుగు మట్టిలోకి దిగి ఈగగా లేస్తుంది. రోజూ ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. ఏ మందు కొట్టాల్సి వచ్చినా సాయంత్రమే. పొద్దున కొడితే తేనెటీగలు చస్తాయి, పిందె నిలవదు. ఆకు మీద బూడిద తెగులు చూసి గంధకం మాత్రం కొట్టకండి, తీగజాతి ఆకు మాడిపోతుంది.

కాయ మీద నూగు రాలి, తెల్లటి బూడిద మందంగా పట్టాకే కోయాలి. రెండంగుళాల తొడిమ ఉంచి కత్తిరించండి, తొడిమ పట్టుకుని ఎత్తొద్దు. తొడిమ ఊడితే కాయ అక్కడే కుళ్లడం మొదలవుతుంది, గుమ్మానికి కట్టేవాళ్లు అలాంటిది ముట్టుకోరు. కడగకుండా, గాలి ఆడే నీడలో, గడ్డి మీద ఒక్క వరుసగా పేర్చండి.

పొలం ఖాళీ అయ్యేలోపే నోటు పుస్తకంలో రాసుకోండి: విత్తిన రోజు, మొదటి ఆడపువ్వు కనిపించిన రోజు, ఏ వరుసలో ఎన్ని కాయలు నిలిచాయి, ఏ సైజు ముందు అమ్ముడుపోయింది. వచ్చే ఏడు ఆ మడిలో బీర, కాకర, దోస కాకుండా జొన్నో మినుమో వేయండి. సొంత విత్తనమైతే రోగం లేని తీగకు బాగా ముదిరిన కాయనే ఉంచాలి. హైబ్రిడ్ కాయ గింజ మళ్లీ అదే కాయ ఇవ్వదు. పక్కన తీపి గుమ్మడి ఉందని భయపడక్కర్లేదు, ఆ రెండూ కలవవు. వేరే రకం బూడిద గుమ్మడి ఉంటేనే ఆడమొగ్గకు ముందు రోజు సాయంత్రం దారం కట్టి, పొద్దున చేత్తో పుప్పొడి రాసి, మళ్లీ కట్టేయాలి.