అప్పుల పుస్తకం, 3వ పాఠం: అన్ని వడ్డీలనూ నూటికి రూపాయల్లోకి మార్చుదాం

పోయిన పాఠంలో ఒక నోట్‌బుక్ తీసుకుని, ఉన్న అప్పులన్నీ ఒకే పేజీలో రాయమన్నాను. ఎవరికి, ఎంత, ఏ తేదీకి. చేబదులు కూడా వదలొద్దన్నాను. రాసే ఉంటారు. ఈ రోజు ఆ పేజీలో కుడివైపు ఇంకో గీత గీసి, పైన ‘వడ్డీ’ అని రాయండి. ఈ ఒక్క గడి నింపడమే ఇవాల్టి పాఠం.

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పరు. "ఎంతకి తెచ్చావు?" అంటే "రెండు రూపాయలకి" అంటారు. నూటికి, నెలకి రెండు రూపాయలని వేరే చెప్పక్కర్లేదు. బ్యాంకులు మాత్రం ఏడాది శాతం చెబుతాయి. కార్డువాళ్లు నెల శాతం చెబుతారు. బండి ఫైనాన్స్‌వాళ్లు ‘ఫ్లాట్’ అంటారు. కొన్ని యాప్‌లైతే వడ్డీ మాటే ఎత్తకుండా ప్రాసెసింగ్ ఫీజు అంటాయి. ఇన్ని రకాల లెక్కలు పక్కపక్కన ఉంటే ఏ అప్పు ఎక్కువ తింటోందో తెలియదు. అందుకే అన్నింటినీ మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన రూపాయల వడ్డీలోకి తెద్దాం.

ఏడాది శాతాన్ని 12తో భాగించండి. 12 శాతమంటే రూపాయి వడ్డీ, 24 శాతమంటే రెండు రూపాయలు. డ్వాక్రా సంఘాలకు పావలా వడ్డీ అని ఇచ్చారే, అది ఏడాదికి 3 శాతం. బ్యాంకు లోన్లకు ఇంతే, దాటి వెళ్లిపోవచ్చు. చిక్కంతా మిగతా వాటి దగ్గర ఉంది.

కూకట్‌పల్లిలో మా పై పోర్షన్‌లో అద్దెకుండే అబ్బాయిది సూర్యాపేట దగ్గర ఊరు, మాదాపూర్‌లో ఉద్యోగం. తన పేజీ పట్టుకుని ఒక ఆదివారం వచ్చాడు. అడిగి, అతని లెక్కే ఇక్కడ పెడుతున్నాను. ఊళ్లో వరసకు బాబాయి దగ్గర నోటు రాసి రెండు రూపాయలకు తెచ్చిన లక్ష. క్రెడిట్ కార్డు మీద 60,000. బండి మీద లక్ష, 12 శాతం ఫ్లాట్, ఏడాదిలో కట్టాలి. అమ్మ గాజులు పెట్టి తెచ్చిన గోల్డ్ లోన్ 80,000, ఏడాదికి 10 శాతం. యాప్‌లో 10,000.

"ముందు బాబాయిది తీర్చేస్తున్నా ఆంటీ. వడ్డీ వ్యాపారం కదా, అదే ఎక్కువ. నెలకు పదివేలు పంపిస్తున్నా. కార్డుకు మినిమమ్ కడుతున్నాను, అది ప్రాబ్లం లేదు" అన్నాడు.

కార్డు బిల్లు తీయమన్నాను. మొదటి పేజీలో మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 3,000 అని పెద్ద అక్షరాల్లో ఉంది. వడ్డీ నెలకు 3.5 శాతమని చివరి పేజీలో ఉంది. 60,000 మీద 2,100 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 378. మొత్తం 2,478. అతను కట్టిన 3,000లో అసలుకు పోయింది 522 రూపాయలు. కాగితం మీద ఆ తీసివేత చేసి పెన్ను కింద పెట్టేశాడు, చాలాసేపు మాట్లాడలేదు. జీఎస్టీతో కలిపితే అది నాలుగు రూపాయల పదమూడు పైసల వడ్డీ. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అడిగితే మనం గుమ్మం దిగి వచ్చేస్తాం.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. బిల్లు పూర్తిగా కట్టనంత కాలం కొత్తగా గీకిన వాటికి కూడా ఆ నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు ఉండదు. కూరగాయలు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా ఫీజు.

ఇక ఫ్లాట్. లక్షకు 12 శాతం ఫ్లాట్ అంటే 12,000 వడ్డీ, నెలకు 9,333 చొప్పున పన్నెండు వాయిదాలు. వినడానికి రూపాయి వడ్డీలాగే ఉంటుంది. కానీ నెల నెలా అసలు కొంత వెనక్కి ఇస్తూనే ఉన్నారు కదా? ఆరో నెలకు సగం దాకా ఇచ్చేసినా వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీదే వేశారు. సరిగ్గా లెక్కేస్తే అది రూపాయి ఎనభై పైసల వడ్డీకి దగ్గర. ఏడాది, రెండేళ్ల అప్పుకు ఫ్లాట్ అని చెబితే, చెప్పినదాన్ని దాదాపు రెట్టింపు చేసుకోండి. కాస్త తేడా వచ్చినా అసలు సంగతి అర్థమవుతుంది.

యాప్ సంగతి అన్నింటికన్నా ఘోరం. 10,000 అప్పు, 30 రోజుల గడువు, ముందే 1,500 కోసుకుని 8,500 ఖాతాలో వేశారు. చేతికొచ్చిన 8,500కు నెలకు 1,500 అంటే పదిహేడున్నర రూపాయల పైనే. 2020 చివర్లో ఇలాంటి యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పుడు హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వాళ్ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. ఆర్‌బీఐ నియమాల ప్రకారం అప్పిచ్చేవాళ్లు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి, వడ్డీ, ఫీజులు అన్నీ కలిపిన ఏడాది శాతం, అంటే ఏపీఆర్, అందులో ఉండాలి. ఆ ఏపీఆర్‌ను 12తో భాగిస్తే మన గడి నిండుతుంది. అది ఇవ్వని చోట, ఫోన్‌లో కాంటాక్టులు అడిగే చోట అప్పు తీసుకోకండి. ఇప్పటికే బెదిరింపులు వస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి దాచుకోవద్దు.

గడి నిండాక అతని పేజీ ఇలా తేలింది: యాప్ పదిహేడున్నర, కార్డు నాలుగుంపావుకు కాస్త తక్కువ, బాబాయి రెండు, బండి రూపాయి ఎనభై, గాజులు ఎనభై మూడు పైసలు. అంటే అతను నెల నెలా ఎక్కువ డబ్బు పోస్తున్నది మూడో స్థానంలో ఉన్న అప్పుకు.

అతను అలా ఎందుకు చేశాడో నాకు తెలుసు. కార్డువాడు అమ్మను బజారులో ఆపి అడగడు, బాబాయి అడుగుతాడు. ఆ మాటకు విలువ లేదని నేననను. అందుకే మా డైనింగ్ టేబుల్ దగ్గరే ఫోన్ చేయించాను. "బాబాయ్, ఎనిమిది నెలలు వడ్డీ మాత్రమే పంపిస్తా, తర్వాత అసలు మొదలుపెడతా" అన్నాడు. అవతలి నుంచి "వడ్డీ ఆపకు, చాలు" అని వినిపించింది. దాంతో పంపే పదివేలలో వడ్డీ 2,000 పోను నెలకు 8,000 మిగిలింది. మొదటి రెండు నెలలు యాప్‌కు పోతుంది. తర్వాత కార్డుకు ఆ 8,000, పాత 3,000 కలిపి 11,000 కడుతూ, కార్డు బయటికి తీయకుండా ఉంటే అక్కడి నుంచి ఏడో నెలలో అది సున్నా అవుతుంది.

గాజుల మీద ఇంకొంత తెచ్చి కార్డు ఒకేసారి తీర్చొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. లెక్క ప్రకారం లాభమే. కానీ కార్డు వాడటం ఆగకపోతే ఆరు నెలల్లో రెండూ మెడ మీదుంటాయి. నేనైతే మూడు నెలలు కార్డు లేకుండా గడిపి చూపించినవాళ్లకే ఆ సలహా ఇస్తాను.

చేబదులు, నోటు అప్పులకు పన్ను సంగతి ఒకటి ఉంది. 20,000, ఆ పైన అప్పు నగదుగా తీసుకోవడం, నగదుగా తిరిగివ్వడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పెనాల్టీ తీసుకున్నంత మొత్తం దాకా ఉండొచ్చు. బంధువులైనా ఖాతాకే వేయమనండి, మీరూ ఖాతాకే పంపండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి.

ఈ వారం పని: కార్డు బిల్లు చివరి పేజీ, లోన్ కాగితాలు ముందు పెట్టుకుని గడి నింపండి. వడ్డీ ఎక్కువ నుంచి తక్కువకు వరస నంబర్లు వేయండి. ఏ అప్పుకైనా వడ్డీ ఎంతో తెలియకపోతే ఖాళీగా వదిలేయకుండా బ్రాంచికి ఫోన్ చేసి అడగండి, అది మీ హక్కు. వచ్చే పాఠం సిబిల్ రిపోర్టు, అంటే మన అప్పులు, చెల్లింపుల చరిత్ర, చదవడం మీద. పూర్తి రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, దించుకుని నోట్‌బుక్‌లో పెట్టుకోండి.