పార్కిన్సన్స్ ఉన్నవారిని హాస్పిటల్ నుంచి ఇంటికి తీసుకురావడం ఎలా?

పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లు న్యుమోనియాతోనో, తుంటి ఎముక విరిగో హాస్పిటల్లో చేరితే, వచ్చిన సమస్య తగ్గినా నడక ముందుకన్నా మందగించడం మామూలే. రోజుల తరబడి మంచం మీదే ఉండటం ఒక కారణం, మాత్రల వేళలు తప్పడం ఇంకో కారణం. అందుకే డిశ్చార్జికి రెండు మూడు రోజుల ముందే పని మొదలుపెట్టండి.

1. మాత్రల టైమ్ గంటలతో రాయించుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. పార్కిన్సన్స్‌కు వాడే సిండోపా లాంటి లెవోడోపా మాత్ర పనిచేసేది కొన్ని గంటలే. ఇంట్లో 6, 10, 2, 6 గంటలకు వేసుకునే మనిషికి వార్డులో నర్సులు మందులిచ్చే వేళకే ఇచ్చి ఉండొచ్చు. డిశ్చార్జి సమ్మరీలో "రోజుకు నాలుగు సార్లు" అని ఉంటే సరిపోదు, ఏ గంటకు ఏ మాత్రో అడిగి రాయించుకోండి. మోతాదు ఏమైనా మారిస్తే మీ న్యూరాలజిస్టుతో ఒక మాట చెప్పండి. దారిలో వేయాల్సిన డోసు చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఈ మాత్రలు సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. సీఆర్ (మందును నెమ్మదిగా విడుదల చేసే) మాత్రలను నలిపి ఇవ్వకండి.

వాంతులకు వాడే పెరినార్మ్, తల తిరుగుడుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెమెటిల్, గందరగోళంగా ఉన్నప్పుడు ఇచ్చే హాలోపెరిడాల్ పార్కిన్సన్స్ లక్షణాలను ఎక్కువ చేస్తాయి. ఈ మూడూ ఇవ్వొద్దని ఫైలు అట్టమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

2. తిండి వేళ సర్దండి

మాత్ర భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేయడం మంచిది. పప్పు, గుడ్డు, పాలలోని ప్రొటీన్ మందు ఒంటబట్టకుండా అడ్డుపడొచ్చు. అలాగని అవి మానేయొద్దు, వేళ మారిస్తే చాలు. నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. నీళ్లు తాగుతుంటే పొలమారుతుంటే డాక్టరుకు చెప్పండి.

3. ఇల్లు సిద్ధం చేయండి

నేల మీద పరిచిన పట్టాలు, వైర్లు తీసేయండి. బాత్‌రూంలో గోడకు పట్టుకునే రాడ్లు, వెస్టర్న్ కమోడ్ అవసరం. నులక మంచం లోతుగా కుంగుతుంది, దాని మీంచి లేవడం కష్టం. లుంగీ కాళ్లకు చుట్టుకుంటుంది కాబట్టి ఎలాస్టిక్ పైజామా మేలు.

గుమ్మం దగ్గర చాలామందికి కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. లాగకండి, తొందరపెట్టకండి. ఆగమని చెప్పి, బరువు ఒక కాలి మీద వేయించి, "ఒకటి, రెండు" అంటూ ఇంకో కాలు ఎత్తించండి. నేల మీద రంగు టేపుతో గీతలు వేస్తే వాటిని చూస్తూ అడుగులు పడతాయి. గడప తీయించమంటే ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు. పసుపు రాసిన గడపే కొందరికి దాటే గుర్తుగా పనికొస్తుంది. కాళ్లు ఈడ్చి నడిచేవారికి మాత్రం అదే తగిలే అడ్డం, పక్కన రాడ్ పెట్టించాల్సిందే.

4. మొదటి రోజులు కనిపెట్టండి

మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చున్నాకే లేపండి, బీపీ పడిపోవచ్చు. రాత్రి పక్కన ఒకరు పడుకోండి. ఉన్నట్టుండి మాటల్లో తడబాటు, లేనివి కనిపించడం, జ్వరం, మింగలేకపోవడం వస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా ఇలా మొదలవ్వొచ్చు.