ఆ చోట పులిపిర్లు వస్తే

కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర మాది మందుల షాపు. కొందరు జనం తగ్గేదాకా పక్కన నిలబడి, గొంతు తగ్గించి "అన్నా, పులిపిర్ల మందు ఇయ్యి" అంటారు. చేతికా, కాలికా అని అడిగితే తలొంచుకుంటారు. జననాంగాల దగ్గర అని అప్పుడే అర్థమవుతుంది.

కాలి ఆనెలకు వాడే మందు అక్కడ పూయొద్దు. సున్నం అసలే వద్దు, అది మెత్తటి చర్మం, బొబ్బలెక్కి పుండు పడుతుంది. గోకొద్దు, అక్కడ షేవింగ్ చేయొద్దు, పక్కకు పాకుతాయి. నేరుగా చర్మవ్యాధుల ఓపీకి పోండి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడమో, పూతమందో డాక్టరే చూసి చెప్తారు. గర్భిణులైతే ఆ సంగతి ముందే చెప్పాలి, పొడోఫిలిన్ పూత వాళ్లకు పనికిరాదు.

ఈ పులిపిర్లు ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వస్తాయి. క్యాన్సర్ తెచ్చే 16, 18 వేరు. అయినా ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార పరీక్ష మానొద్దు.

వైరస్ సోకిన నెలల తర్వాత కూడా బయటపడొచ్చు. అందుకే "ఎవరి దగ్గర తెచ్చుకున్నావ్" అని ఇంట్లో కొట్లాట పెట్టుకోకండి (మా కౌంటర్ ముందే ఒక జంట పెట్టుకున్నారు). తగ్గేదాకా కలయిక ఆపండి. కండోమ్ మంచిదే, కానీ అది కప్పని చోట అంటుకోవచ్చు. భాగస్వామిని కూడా చూపించండి, ఇద్దరూ హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోండి. తగ్గాక మొదటి మూడు నెలల్లో మళ్లీ రావడం మామూలే, వస్తే మొహమాటపడక మళ్లీ పోండి.