బోన్సాయ్‌కి కార్చిచ్చు రూపం: గ్యాస్ టార్చ్ వెలిగించే ముందు

తిరుపతిలో మిద్దె మీద బోన్సాయ్ పెంచేవాళ్లకు కాలిన చెట్టు రూపం మీద, అంటే మానులో ఒకవైపు బెరడు ఒలిచి, ఆ కట్టెను గ్యాస్ డబ్బాకు బిగించే టార్చ్ మంటతో కాల్చి, కార్చిచ్చు తాకినట్టు చేయడం మీద మోజు పుట్టడం వింతేమీ కాదు. శేషాచలం కొండలు కళ్లెదుటే ఉన్నాయి. 2014 మార్చిలో అక్కడ అడవి అంటుకుంటే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అయితే మొక్క కోసం ఆ కొండెక్కకండి. అది నేషనల్ పార్క్, పుల్ల పీకినా నేరమే. నర్సరీ చింత చాలు. చింత చేవ గట్టిది, కాల్చినా నిలబడుతుంది. మర్రి, జువ్వి, కాగితంపూల చెట్ల కట్టె మెత్తన, తొందరగా కుళ్లుతుంది. వాటి మీద ఈ ప్రయోగం నాకు ఇష్టం లేదు.

ఏప్రిల్, మే నెలల్లో టార్చ్ జోలికే పోకండి. ఆ ఎండకు చెట్టు తట్టుకుని నిలబడటమే గొప్ప. సంక్రాంతి దాటాక, చిగురు వేసే ముందు బెరడు ఒలిచి, వేసవంతా ఆ కట్టెను ఎండనివ్వండి. ఎండలు తగ్గాక, గాలి లేని ఉదయం చూసుకుని కాల్చండి. పచ్చి కట్టెను కాలిస్తే వేడి పక్కనున్న బతికిన బెరడుకు పాకుతుంది. ఆ రోజు ఏమీ కనబడదు, తర్వాత ఆ వైపు కొమ్మలు ఒక్కొక్కటే ఎండుతాయి.

చాలామంది మాను చుట్టూ మసి పూసినట్టు కాల్చేస్తారు. అది అడవి చెట్టులా ఉండదు, పొయ్యిలోంచి లాగిన కట్టెలా ఉంటుంది. కొండవాలులో చెట్టు మొదట్లో, కొండ ఎగువవైపున ఆకులు, పుల్లలు పోగుపడతాయి. మంట అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే మచ్చ ఒకవైపే ఉంటుంది: మొదలు దగ్గర వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా. మిగతా బెరడు వేరు నుంచి కొమ్మ దాకా ఎక్కడా తెగకూడదు. చుట్టుకొలతలో సగమైనా బెరడు ఒలవకుండా ఉంచండి.

ముందురోజు నీళ్లు బాగా పోయండి. బతికిన బెరడుకు తడిగుడ్డ చుట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ కప్పండి. కుండీలో మట్టి మీదా తడిగోనె పరచండి, ఎండిన కొబ్బరిపొట్టులో నిప్పు లోలోపలే రాజుకుంటుంది. మంటను ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండండి. మధ్యమధ్యలో గుడ్డ పక్కకు జరిపి బెరడు మీద వేలు పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఆపేయాలి. చల్లారాక వైర్ బ్రష్‌తో రుద్దితే మెత్తని భాగం బొగ్గుగా రాలి, గట్టి గీతలు పైకి తేలతాయి. చాలకపోతే ఇంకోసారి. కిరోసిన్ మాత్రం వద్దే వద్దు, కట్టెలోకి ఇంకి బతికిన భాగాన్నీ తినేస్తుంది.

నూలు బట్టలు వేసుకోండి, చున్నీ, పైట వేలాడకూడదు. పక్కన బకెట్ నీళ్లు ఉండాలి. గ్యాస్ డబ్బాను తలకిందులు చేస్తే మంట ఒక్కసారిగా ఎగసి మీదికొస్తుంది. వాడాక దాన్ని మిద్దె ఎండలో వదిలేయకండి. తొర్రలో నిప్పు మిగిలిందేమో సాయంత్రం మళ్లీ చూడండి.

ఒలిచిన కట్టె కుళ్లకుండా పూసే లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిపిన ద్రావణం) వాడాలనుకుంటే కాల్చాకే. పూసిన కట్టెను కాలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకు విషం. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది కాబట్టి ఇంట్లో పూయకండి. చుక్క కూడా మట్టిలో పడనివ్వకండి. అక్టోబరు వానలకు నలుపు కొంత కడుక్కుపోతే దిగులక్కర్లేదు, అడవిలో కాలిన చెట్టూ కొన్నేళ్లకు బూడిదరంగుకే తిరుగుతుంది.

తర్వాత కొన్ని వారాలు చెట్టును షేడ్‌నెట్ కింద ఉంచండి. కొత్త చిగురు గట్టిపడేదాకా ఎరువు వేయకండి. కుండీ మార్చే పని వచ్చే సంక్రాంతి తర్వాతే.